నోటిమాటయే ఊరి సరకునకు బాట
(గ్రామ పంచాయతి సభ్యులకు ఒక పాఠము)

ఊరిలో మంచి సరకు ఉండును. కొనువాడు పది మైళ్ళ దూరములోనే ఉండును. ఒకరి సంగతి మరియొకరికి తెలియకపోవుటచేత, సరకు దళారి చేతిలో చౌకగా పోవును. కొనువాడు పట్టణములో హెచ్చు వెల యిచ్చి కొనును. ఈ రెండింటికిని నడుమ వంతెన వేయుటకు పెద్ద పెట్టుబడి యేమియు అక్కరలేదు. మనము ప్రతిదినము బస్సులో, రైలులో, సంతలో, పెళ్ళి పందిరిలో ఆడుకొను మాటలే ఆ వంతెన. ఆ మాటలను ఒక క్రమములో పెట్టుకొని, ఊరి వృత్తులకు బేరములు తెచ్చుకొను విధానమును ఈ పాఠములో వివరింప దలచితిమి.

ఇది వర్తకుల పని గాని పంచాయతి పని కాదని కొందరు అనవచ్చును. అది సరికాదు. 1992లో ఆమోదము పొంది, 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా పదకొండవ షెడ్యూలు చేరినది. పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములు అందులో పేర్కొనబడినవి. ఆహార పదార్థముల తయారీతో కూడిన చిన్నతరహా పరిశ్రమలు, ఖాదీ గ్రామ కుటీర పరిశ్రమలు, సంతలు, తిరునాళ్ళు ఆ జాబితాలోనివే. కావున ఊరి సరకు నలుగురికి తెలియజేయుట పంచాయతి సభ్యుల బాధ్యతలో ఒక భాగమే.

ఉద్దానపు స్థితి

కంచిలి, సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురము, పలాస ప్రాంతములను కలిపి ఉద్దానమని పిలుచుట వాడుక. ఉద్యానము అను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరునకు తగినట్లు కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు ఈ తీరమంతట వ్యాపించి యున్నవి. పలాస–కాశీబుగ్గ జీడిపప్పు తయారీకి దేశమంతట పేరు పొందినది. కొబ్బరికాయలు ఎల్లలు దాటి ఒడిశాకును, ఇంకను ఉత్తరమునకును పోవును.

ఇంత సంపదగల భూమికి ఇటీవలి కాలమున రెండు పెద్ద దెబ్బలు తగిలినవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటి మన తోటలను ఊపివేసినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటి, కొబ్బరి చెట్లను, జీడిమామిడి చెట్లను కూకటివ్రేళ్ళతో పెకలించినది. కొత్తగా నాటిన జీడిమొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు, కొబ్బరిమొక్కకు అంతకంటె హెచ్చు కాలము పట్టును. అంతవరకు కుటుంబము దేనిపై ఆధారపడవలెను? ఉన్న కొద్దిపాటి పంటకే మంచి వెల రాబట్టుట, పీచు, తాళ్ళు, పిండివంటలు, కుట్టుపని వంటి చేతిపనులకు కొత్త బేరములు వెదకుట తప్ప మార్గము లేదు. ఈ మార్గము మూసికొనిపోయిన యిండ్లలోనివారు మూట కట్టుకొని దూర పట్టణములకు వలస పోవుచున్నారు. బేరము దొరకుట, దొరకకపోవుట అనునది ఇచ్చట వట్టి లాభనష్టముల లెక్క కాదు. ఊరిలో ఉండుటకును, ఊరు విడుచుటకును సంబంధించిన విషయము.

జీడిపిక్కల లెక్కను ఒకమారు చూడుడు. పలాస వ్యాపారములో పిక్కలకు 80 కిలోల బస్తా కొలత వాడుక. పిక్కలను ఉడికించి లేక కాల్చి, పగులగొట్టి, ఆరబెట్టి, పొర తీసినచో, పిక్క బరువులో సుమారు ఐదవ వంతు మొదలు నాల్గవ వంతు వరకు పప్పు వచ్చును. అనగా బస్తాకు 16 మొదలు 20 కిలోలు. పిక్కగా అమ్మినవానికి పిక్క వెలయే వచ్చును. పప్పుగా చేసి అమ్మినవారికి కూలియు, నేర్పునకు వెలయు కూడ ఊరిలోనే నిలుచును. అయితే పప్పు చేయగలిగినంత మాత్రమున చాలదు. దానిని కొనువాడు తెలిసియుండవలెను. అనేక చిన్న తయారీదారులు ఇచ్చటనే ఆగిపోవుచున్నారు.

మాట ఎట్లు పయనించును?

నోటిమాటతో బ్రదుకుతెరువు వెదకికొనుట మన తీరమునకు కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగము నుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి తీరముల నుండి వేలకొలది జనులు ఓడలెక్కి బర్మా వెళ్ళిరి. రంగూను రేవులో, బియ్యపు మిల్లులలో పనిచేసిన తెలుగువారిని అచ్చట కోరంగీలని పిలిచెడివారు. వారిని అచ్చటికి చేర్చినది పత్రికా ప్రకటన కాదు. ముందు పోయినవాడు తిరిగివచ్చి చెప్పిన మాట, ఊరూరు తిరిగిన మేస్త్రీ చెప్పిన మాట. ఆ మాటలో మేలు ఉన్నది, కీడును ఉన్నది. బంధువు చెప్పిన మాట నమ్మి పనిలో కుదిరినవారు కొందరు. మేస్త్రీ యిచ్చిన బయానా తీర్చలేక కూలిలో కోతలు పడినవారు మరికొందరు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగెను. 1942లో జపాను సేనలు రాగా వేలమంది కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. చెప్పువానికి తన లాభమే ముఖ్యమైనచో, నోటిమాట వినువానిని ముంచును. మనము నేర్చుకొనవలసిన మొదటి నీతి యిదియే.

ఇతర దేశములలోని పండితులు ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించిరి. అమెరికాలోని అయోవా రాష్ట్రమున రెండు గ్రామసీమలలో సంకర జాతి మొక్కజొన్న విత్తనము ఎట్లు వ్యాపించినదో రయాన్, గ్రాస్ అను ఇరువురు పరిశోధకులు విచారించి, 1943లో ప్రకటించిరి. వారు ప్రశ్నించిన 259 మంది రైతులలో ఇద్దరు తప్ప తక్కినవారందరు 1928కిని 1941కిని నడుమ ఆ విత్తనమును స్వీకరించిరి. ఆ విత్తనమును గూర్చి మొదట విన్నది ఎక్కువమందికి విత్తనములమ్మువాని నోటినుండి. కాని వేసి చూచుటకు మనస్సు ఒప్పించినది మాత్రము పొరుగు రైతు మాట. అమ్మువాని మాట సమాచారము నిచ్చును. వాడి చూచినవాని మాట నమ్మకము నిచ్చును. ఈ భేదమును పంచాయతి సభ్యులు గుర్తుంచుకొనవలెను.

మరియొక పరిశోధన 1973లో వెలువడినది. మార్క్ గ్రానోవెటర్ అను సామాజికశాస్త్రజ్ఞుడు, తెలిసినవారి ద్వారా ఉద్యోగములు పొందినవారిని కలిసికొని, ఆ సంగతి చెప్పిన వ్యక్తిని మీరు ఎంత తరచుగా చూచెడివారని అడిగెను. తరచుగా చూచెడివారమని చెప్పినవారు నూటికి సుమారు 17 మంది. అప్పుడప్పుడు చూచెడివారమనినవారు 56 మంది. అరుదుగా చూచెడివారమనినవారు 28 మంది. కారణము కష్టమైనది కాదు. మన యింటివారికి, వీధివారికి తెలిసిన సంగతులు మనకును తెలిసినవే. తెలియని సంగతి తెచ్చువాడు వేరొక ఊరిలో, వేరొక పనిలో ఉన్న దూరపు పరిచయస్థుడు. కోడలి పుట్టింటివారు, సైన్యములో ఉన్న మేనల్లుడు, ఖరగ్‌పూరులోనో పోర్టుబ్లెయిరులోనో స్థిరపడిన పాత సహాధ్యాయి: వీరందరు మన సరకునకు దూరపు ద్వారములు.

ఉద్దానమునకు ఇట్టి ద్వారములు తక్కువ కాదు. వలసపోయినవారు అనేక పట్టణములలో ఉన్నారు. పెద్ద రహదారియు, హౌరా–చెన్నై రైలు మార్గమును మన నడుమ నుండి పోవుచున్నవి. ఎల్లప్రాంతము కావున తెలుగు, ఒడియా రెండును మాటలాడగలవారు అనేకులు కలరు. వలసను గూర్చి విచారించుచునే, వలసపోయినవారిని ఊరి సరకునకు ప్రతినిధులుగా కూడ చూడవచ్చును.

మంచి పరిచయ వాక్యము

తెలిసినవారి సరకును ఇంకొకరికి సూచించునప్పుడు చాలమంది చేయు లోపము ఒకటి కలదు. మాట నడి దారిలో నిలిచిపోవును. బస్సులో జరిగిన ఈ సంభాషణమును ఊహింపుడు.

“ఏటి బావా, అమ్మాయి పెళ్ళి పనులు మొదలెట్టినారా?”
“మొదలెట్టినాం బావా. సారెకి అరిసెలు ఎవరు చేసిపెడతారో తెలియక తిరుగుతున్నాను.”
“అరిసెలా? మా ఊర్లో బాగా చేస్తారు. వచ్చి ఎవరినడిగినా చెబుతారు.”

మాట మంచిదే. కాని బావగారు ఆ ఊరు రాడు. వచ్చినను ఎవరి నడుగవలెనో తెలియదు. అదే మాటను ఇట్లు చెప్పినచో ఫలితము వేరుగా నుండును:

“మా ఊర్లో రామాలయం పక్క సందులో సంఘం ఆడవాళ్ళు పదిమంది కలిసి చేస్తారు బావా. మొన్న మా తోడల్లుడి ఇంట్లో పెళ్ళికి 500 అరిసెలు వాళ్ళే చేసినారు. నేను తిన్నాను, బాగున్నాయి. నాలుగు రోజులు ముందుగా చెప్పాలి. నీ ఫోను నంబరు వాళ్ళకి ఇమ్మంటావా, వాళ్ళే మాటాడతారు?”

ఇందులో ఐదు అంగములున్నవి. ఎవరు చేయుదురు, ఎక్కడ ఉందురు అనునది మొదటిది. ఎవరికి చేసినారో చెప్పుట రెండవది. తాను స్వయముగా చూచినదా, విన్నదా చెప్పుట మూడవది. ఎన్ని దినములు ముందుగా చెప్పవలెనో తెలుపుట నాల్గవది. ఇరువురిని కలుపుట ఐదవది. కలుపుటకు ముందు అనుమతి అడుగవలెను. అడుగకయే ఒకరి నంబరును మరియొకరికి ఇచ్చుట మర్యాద కాదు; ముఖ్యముగా స్త్రీల నంబరు విషయమున ఈ నియమము తప్పరాదు.

ఒక చిన్న సంగతి చెప్పవలెను. కంచిలిలో ఉన్న రైలుస్టేషను పేరు సోంపేట. బయటి ఊరివానికి “కంచిలి రండి” అని మాత్రమే చెప్పినచో, అతడు రైలు పట్టికలో కంచిలిని వెదకి, దొరకక ఊరకుండును. “సోంపేట స్టేషనులో దిగుడు, ఆ స్టేషను ఉన్న ఊరే కంచిలి” అని చెప్పవలెను. చిరునామా సరిగా చెప్పుటయు పరిచయములో భాగమే.

వినుటయు వర్తకమే

సంభాషణ యనగా మనము చెప్పుట మాత్రమే కాదు. ఉద్దానపు పనసకాయ ఇందుకు మంచి ఉదాహరణము. మనలో అనేకులు పనస పండు తొనలనే విలువగా చూతురు. ఒడిశాలో, పశ్చిమ బెంగాలులో లేత పనసకాయను కూరగా ప్రీతితో వండుకొందురు. ఈ సంగతి తెలిసిన రైతు కాయ పండువరకు ఆగక, లేతగా ఉండగనే బేరమునకు పెట్టును. పండి, రాలి, పాడైపోవు కాయ తగ్గును. ఎదుటివాని ఇంట ఏమి వండుదురు, ఏ పండుగకు ఏమి కొందురు, ఏ పరిమాణములో కావలెను అని ఆసక్తితో అడుగువానికి, అమ్ముటకు అవసరమైన సంగతులు వాటంతటవే తెలియును. మొదట పది ప్రశ్నలు, పిదప ఒక మాట: ఈ క్రమము మంచిది. కనబడినవారందరికి ఎల్లప్పుడు సరకు మాటయే చెప్పువానిని చూచి జనులు దారి తప్పుకొని పోవుదురు.

అడుగుటకు సిగ్గుపడవలదు

మన పల్లెలలో మంచి పనివారికి ఒక మొగమాటము కలదు. పని చక్కగా చేసి, డబ్బు పుచ్చుకొని, మౌనముగా ఉందురు. “ఇంకొకరికి చెప్పుడు” అని అడుగుట యాచనవలె వారికి తోచును. అది యాచన కాదు. సంతోషించినవాడు తన సంతోషమును పంచుకొనుటకు ఒక సందర్భము కల్పించుటయే. అడుగుటకు తగిన సమయము, కొన్నవాడు తనంతట తాను మెచ్చుకొనిన క్షణము.

“కొబ్బరినూనె బాగుంది అన్నావు గదా అప్పా, మీ కోడలి ఊర్లో ఎవరికైనా కావాలంటే మా పేరు చెప్పు. సీసా కావాలంటే ముందు శాంపిలు పంపుతాను.”

ఇంత చాలును. “అందరికి చెప్పు” అనుటకంటె, “మీ కోడలి ఊర్లో” అని ఒక చోటు చూపుట మేలు. అప్పుడు వినువారికి ఒక ముఖము జ్ఞప్తికి వచ్చును. ఆపై ఎవరి మాటమీద బేరము వచ్చినదో వారికి ఆ సంగతి తెలియజేసి, కృతజ్ఞత చెప్పవలెను. ఒక కాయో, ఒక పొట్లమో ఇచ్చుట మన మర్యాదలోనిదే. కాని బేరమునకు ఇంత యని సొమ్ము ముట్టజెప్పుట మొదలుపెట్టినచో, పరిచయము దళారీగా మారును. అప్పుడు చెప్పువాని మాటకు విలువ తగ్గును.

మాటకు తగిన సరకు

నోటిమాట కత్తివంటిది. మంచి సరకును ఎంత దూరము తీసికొనిపోవునో, చెడ్డ సరకు కీర్తిని అంతకంటె వేగముగా తీసికొనిపోవును. ఒక లెక్క వేసి చూతము. పదిమంది కొన్నవారు తలకు ఇద్దరికి చెప్పినచో ఇరువదిమంది విందురు. వారిలో నలుగురికి ఒకరు చొప్పున కొన్నను ఐదుగురు కొత్తవారు వత్తురు. అదే పదిమందిలో ఒక్కడు మోసపోయి, పెండ్లి భోజనాల పంక్తిలో తన కథ చెప్పినచో, ఆ పంక్తిలోని ఏబదిమందియు విందురు. ఇది ఊహకు వేసిన లెక్కయే అయినను, మన అనుభవమునకు విరుద్ధము కాదు.

అందుచేత సరకు విషయమున మూడు నియమములు పాటింపవలెను. మొదటిది వన్నె. జీడిపప్పులో విడిపోని గుండ్లు, బద్దలు, ముక్కలు వేర్వేరు వెలలకు పోవును. గుండ్లలోను పరిమాణమును బట్టి తరగతులు కలవు. డబ్ల్యు 320 అనగా ఒక పౌను తూకమునకు సుమారు 300 మొదలు 320 గుండ్లు తూగు రకము. డబ్ల్యు 240, డబ్ల్యు 210, డబ్ల్యు 180 అనునవి అంతకంతకు పెద్దవి. పై వరుసలో గుండ్లు పెట్టి, క్రింద ముక్కలు నింపినవాడు ఒకమారు మాత్రమే అమ్మగలడు. రెండవది తూకము. ముద్ర వేయించిన తూనికరాళ్ళు, కాటాలు వాడుట చట్టము కోరిన విధి; అది మన పేరునకు రక్ష కూడ. మూడవది పరిశుభ్రత. ఆహార పదార్థములమ్ము చిన్న తయారీదారు సైతము ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేసికొనవలెను. ఆ నమోదు సంఖ్యను పొట్లముపై ముద్రించినచో, బయటి ఊరి కొనుగోలుదారునకు ధైర్యము కలుగును.

సరకులో లోపము వచ్చినచో దాచరాదు. కొన్నవాడు చెప్పకమునుపే మనమే మార్చి యిచ్చుట, లేక సొమ్ము త్రిప్పి యిచ్చుట మేలు. నష్టమును సవరించిన వర్తకుని గూర్చి జనులు మెచ్చుకొని చెప్పుకొందురు. చేయలేని పనిని ఒప్పుకొనుటయు లోపమే. నూరు కొబ్బరి తాళ్ళు నేయగలిగినవారు వేయి ఒప్పుకొని గడువు తప్పినచో, సూచించినవాని ముఖము కూడ చిన్నబోవును.

ఉద్దానము అను పేరు

మన ప్రాంతమునకు సంబంధించిన ఒక కష్టమైన విషయమును ఇచ్చట చెప్పక తప్పదు. బయటివారు ఉద్దానము పేరు వినగనే, తోటలకంటె ముందుగా మూత్రపిండముల వ్యాధిని తలచుచున్నారు. ఈ వ్యాధి మన పల్లెలలో అనేక కుటుంబములను దుఃఖములో ముంచిన మాట నిజము. దానికి కారణము ఇదియే యని శాస్త్రజ్ఞులు నేటివరకు ఏకాభిప్రాయమునకు రాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి.

“మీ ఊరి సరకు తినవచ్చునా?” అని కొనువాడు అడిగినచో ఏమి చెప్పవలెను? కోపగించుకొనరాదు; వ్యాధి లేదని బొంకరాదు. తెలిసినదానిని తెలిసినట్లు చెప్పవలెను. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. ఒకరి నుండి ఒకరికి సోకదు. రోగి తాకిన వస్తువు వలన రాదు. పిమ్మట మన సరకు ఎట్లు తయారగునో, ఏ నీటితో కడుగుదుమో, ఎక్కడ నమోదైనదో చెప్పి, వచ్చి చూడుడని పిలువవలెను. ప్రజల ఆరోగ్యమును గూర్చి పంచాయతి శ్రద్ధ వహించుచున్నదని తెలిసినప్పుడు సరకుపై నమ్మకము పెరుగును. త్రాగునీటి కుళాయి, పరీక్షా శిబిరము, మురుగు కాలువ: ఇవన్నియు ఊరి పేరునకు సంబంధించినవే. మంచి పేరు మాటలతో మొదలై, పనులతో నిలుచును.

పంచాయతి సభ్యులు చేయదగిన పనులు

ఒకటి: వృత్తుల పట్టిక. పంచాయతి కార్యాలయములో ఒక పుస్తకము పెట్టి, ఊరిలో ఎవరు ఏ పని చేయుదురో, ఏ నెలలలో ఏ సరకు దొరకునో, ఎంత పరిమాణము ఇవ్వగలరో వ్రాయించుడు. జీడిపిక్కలు మార్చి మొదలు మే వరకు, పనస వేసవిలో, కొబ్బరి ఏడాది పొడవునను. తాపీపని, వడ్రంగము, కుట్టుపని, పందిరి, వంట, పీచు తాళ్ళు, చేపలు ఎండబెట్టుట మొదలగు పనులన్నియు చేర్చుడు. పేరు వ్రాయుటకు, నంబరు ఇతరులకు ఇచ్చుటకు ఆయా వ్యక్తుల అనుమతి తీసికొనుడు. ఆరు మాసముల కొకసారి సరిచూడుడు. పాతబడిన పట్టిక పట్టిక లేకుండుటకంటె హాని చేయును.

రెండు: పక్షపాతము లేకుండుట. సభ్యుని మాటకు ఊరిలో బరువు ఎక్కువ. అందుచేతనే సభ్యుడు తన బంధువును, తన కులమువానిని, తన పక్షమువానిని మాత్రమే సూచించినచో, మాట బలము అన్యాయమగును. ఒక పనికి ముగ్గురు ఉన్నచో ముగ్గురి పేర్లును చెప్పవలెను. సూచనకు ప్రతిఫలము పుచ్చుకొనరాదు. పంచాయతి సొమ్ముతో చేయించు పనులకు నోటిమాట ఆధారము కాదు. వాటికి నిబంధనలు వేరు, వాటినే పాటింపవలెను.

మూడు: మాట చేరని ఇండ్లు. నోటిమాటకు ఒక సహజ దోషము కలదు. ఎవరికి పరిచయములు ఎక్కువో వారికే బేరములు ఎక్కువగా వచ్చును. ఊరి చివరి పేటలోనివారు, ఒంటరి స్త్రీలు, మత్స్యకారులు, కొండదాపు గూడెములవారు, పని ఎంత బాగా చేసినను, ఎవరి నోటను పడరు. సంతకు, సభకు, పెళ్ళికి వారిని ఎవరు పిలుచుచున్నారో చూడుడు. పట్టికలో మొదట వ్రాయవలసినవి వారి పేర్లు.

నాలుగు: మహిళా సంఘములు. 2000లో వెలుగు పథకము మొదట ప్రారంభమైన ఆరు జిల్లాలలో శ్రీకాకుళము ఒకటి. పొదుపు సంఘములు నేడు ప్రతి గ్రామమునను కలవు. పది, పదిహేనుమంది కూర్చుండి మాటలాడుకొను సంఘ సమావేశము నోటిమాటకు మంచి పాఠశాల. ప్రతి సమావేశములో ఒక్క ప్రశ్న వేయింపుడు: “ఈ వారము ఎవరికి ఏమి కావలెనని విన్నారు?” ఒకరు పెళ్ళి సంగతి, ఒకరు కొత్త బడిలో భోజన సామగ్రి సంగతి, ఒకరు బరంపురపు దుకాణము సంగతి చెప్పుదురు. విన్న సంగతి తగినవారికి చేరును.

ఐదు: జనము కూడు చోట్లు. కార్తిక సోమవారములలో టెక్కలి సమీపమున రావివలస ఎండల మల్లన్న సన్నిధికి వేలాది భక్తులు వత్తురు. అట్టి తావులలో ఊరి పేరు వ్రాసిన చిన్న బల్ల ఒకటి, రుచి చూపుటకు కొద్ది సరకు, మర్యాదగా మాటలాడు ఇద్దరు మనుష్యులు ఉన్నచో చాలును. పండుగలకు ఊరు వచ్చిన వలస కుటుంబములను గ్రామసభకు పిలిచి, వారు నివసించు పట్టణములలో ఏమి కావలెనో అడుగుడు. తిరిగి పోవునప్పుడు పట్టిక ప్రతిని వారి చేతికిండు.

ఆరు: సెల్‌ఫోను. నేటి నోటిమాట ఫోనులో కూడ నడచుచున్నది. ఫోటోయు, వెలయు, ఊరి పేరును కలిపి పంపిన సందేశము క్షణములో వేయి మైళ్ళు పోవును. అయితే నియమములు అవే: చూచినదే చెప్పుట, అనుమతి అడుగుట, ఒకే సందేశమును పదేపదే పంపి విసిగింపకుండుట.

ఫలితము తెలిసికొనుట

పని ఫలించుచున్నదా లేదా తెలియుటకు ఒక సులభోపాయము కలదు. కొత్తగా వచ్చిన ప్రతి కొనుగోలుదారుని “మా సంగతి మీకెవరు చెప్పినారు?” అని అడిగి, పుస్తకములో వ్రాయవలెను. మూడు మాసములు ఇట్లు వ్రాసినచో, ఏ మనుష్యుల ద్వారా, ఏ ఊళ్ళ నుండి బేరములు వచ్చుచున్నవో కనబడును. ఒకే మనుష్యుని పేరు పలుమార్లు వచ్చినచో, అతనిని గ్రామసభలో నలుగురి ముందు గౌరవింపుడు. ఒక ఊరి నుండి వచ్చినవారు రెండవమారు రాకున్నచో, ఏమి జరిగినదో కనుగొనుడు. ఆ కారణము సరకులో ఉండవచ్చును, తూకములో ఉండవచ్చును, మాటతీరులో ఉండవచ్చును. ఏదియైనను సవరింపదగినదే.

తుపాను చెట్టును పడగొట్టగలదు. మంచి పేరును పడగొట్టలేదు. ఆ పేరును నిలుపుట మన చేతిలో ఉన్నది.

పంచాయతి సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరిలో తయారగు సరకులలో, పొరుగు మండలమువారికి తెలియనివి ఏవి?
2. గత మాసములో బయటి ఊరిలో మనమెవరి పనినైనను సూచించితిమా? పరిచయ వాక్యములోని ఐదు అంగములు అందులో ఉన్నవా?
3. ఎవరి నోటను పడని పనివారు మన ఊరిలో ఎవరు? వారి పేర్లు పట్టికలో చేరినవా?
4. వలసపోయిన కుటుంబములు ఏయే పట్టణములలో ఉన్నవి? వారితో మాటలాడు బాధ్యత ఎవరిది?
5. మన ఊరి పేరు విన్నప్పుడు బయటివారు ఏమని అనుకొనుచున్నారు? వారేమి అనుకొనవలెనని మనము కోరుచున్నాము? దానికై ఈ సంవత్సరము చేయదగిన ఒక పని ఏది?